పంపని గడి

గుణుపురంలో, వెల్డింగు షాపు మీది గదిలో
ఒక పనిముట్టుకి వాడుక రాస్తున్నాను.
తాపీ కాదు, గునపం కాదు,
కట్టుబడి పనుల లెక్కల్ని దూరాన్నుంచి దిద్దేది.
చేతికి బరువు తెలీదు.
కింద ఇనుము కోసినప్పుడల్లా
బల్ల మీద టీ గ్లాసు వణుకుతుంది.

ఏపీఐ అని రాసి, పక్కన ఏం రాయాలో తోచక
"కిటికీ" అన్నాను. కొట్టేశాను.
రేషను షాపు కిటికీ లాంటిది:
అడిగిన వరసలో కాగితం చాపితేనే
లోపలి చెయ్యి కదులుతుంది.
అది ఉంచాను.

స్థితి అనే గడిలో మూడు మాటలే చెల్లుతాయి.
మొదలుకాలేదు, జరుగుతోంది, పూర్తయింది.
గెడ్డ మీది వంతెనకి రెండు స్తంభాలు లేచి
మూడోది మోకాలి దాకా వచ్చి
పోయిన శ్రావణం నుంచీ అలాగే ఉంది.
దానికి మాట లేదు.
ప్రతి శనివారం "జరుగుతోంది" అనే పంపుతాడు దాలినాయుడు.
జరుగుతున్నది
స్తంభం మీద కొంగ ఒక్కటే.

దాలినాయుడు సైటు గుమాస్తా.
మాట్లాడేవి రెండు భాషలు, చదివేది తెలుగొక్కటే.
అతని కోసమే ఈ తెలుగు ప్రతి,
నా జీతంలో లేని పని.
మొదటిసారి పంపిన రోజు ఫోను చేశాడు:
"రెండొందలు వచ్చిందమ్మా!"
డబ్బు కాదు, అందిందని జవాబు, అన్నాను.
కాసేపు ఏమీ అనలేదు.
"కూలోళ్లకి సెప్పకమ్మా,
పంచమంటారు."

రెండోసారి, పునాది తేదీ మార్చబోయి
కూలీల గడిని ఖాళీగా పెట్టి పంపాడు.
ఇరవై రెండు పేర్లు పోయాయి.
"నానేటీ సెరపలేదమ్మా.
కాలీగా ఒగ్గీసినాను, అంతే."

ఆ రాత్రి రాసిన రెండు ముక్కలివి,
ఇన్నేళ్ల నా రాతలో
ఎవరికైనా పనికొచ్చేవి ఇవేనేమో:
పంపని గడిని ఇది ముట్టదు.
ఖాళీగా పంపిన గడిని తుడిచేస్తుంది.

రాశాక చాలాసేపు కూర్చున్నాను.
ఒకరి పేరెత్తకపోవడం వేరు,
ఎత్తి, ఏమీ లేదనడం వేరు.
ఇది నా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.
ఒక యంత్రం గురించి రాస్తూ తెలుసుకున్నాను.

మస్టరు పుస్తకం వానకి నాని ముద్దయింది.
సింగారి రైకాని పిలిపించాడు దాలినాయుడు.
ఆమెకి అక్షరాలు రావు.
సిమెంటు తట్టలు అందుకున్న వరసలో చెప్పుకుపోయింది పేర్లు,
చేతులు చాచి, గాల్లోంచి తట్ట తీసుకుని
పక్కకి ఇస్తూ.
ఆమె సవర మాటని అతను ఒడియాలో విని
నాకు తెలుగులో చెబితే
నేను ఇంగ్లీషులో ఎక్కించాను.
నాలుగు చేతులు మారాక
ఎవరి పేరు ఎవరిదో, ఎంత మిగిలిందో.

ఇరవై మూడు చెప్పింది.
ఒకటి ఎక్కువ.
"ఆ సివర్ని ఇసక జల్లించీది. దుమరి.
గెడ్డ పొంగిన్నాటి నుంచీ రాలేదు."
మొదట్నుంచీ ఏ లెక్కలోనూ లేదు.
ఎక్కించబోతే పనిముట్టు ఒప్పుకోలేదు:
గుర్తింపు సంఖ్య లేదు, నాలుగు వందలు.
ఈసారి దాలినాయుడు డబ్బు మాటెత్తలేదు.

అందుకని వాడుక పుస్తకంలో,
ఏడో పేజీలో, నమూనా చూపించే చోట
దుమరి అని రాశాను.
పని: ఇసక. స్థితి: జరుగుతోంది.

భువనేశ్వర్ నుంచి పరిశీలకుడి ఫోను.
"సరిలా?"
ఒడియాలో అయిపోయిందా అని.
తెలుగు చెవికి మాత్రం
సరిగ్గా ఉందా అని అడిగినట్టే ఉంటుంది.
అయింది, అన్నాను. రెండోదానికి జవాబు చెప్పలేదు.
తప్పులు పదకొండు పట్టాడు.
నమూనాలో నిజం పేర్లు ఉండకూడదు, మార్చమన్నాడు.
ఉత్త పేరేదైనా పెట్టమన్నాడు.

తెల్లారేసరికి పది దిద్ది పంపాను.
ఆ ఒక్క గడిని పంపలేదు.
కింద షట్టరు లేపుతున్నారు.
గ్లాసు అంచున టీ మీగడ
ముడతలు పడుతోంది.